కేక వేయకుండా ఎక్కినవాడు

శాలిబండ,
28 ఏప్రిల్ 1974

అక్కా,

నువ్వు ప్రతి ఉత్తరం తలమీద రాసే "ప్రభువు కృపచేత" అనే ముక్క నేను రాయను. ఇక్కడ అందరం ఎండ కృపచేత ఉన్నాం. బాపు కులాసా. రిటైరైనా ఆయనకు కరెంటు స్తంభాల మీద మమకారం పోలేదు. ఏ గల్లీలో తీగ వేలాడుతున్నా వచ్చి నాకు చెప్తాడు. జూన్‌లో పర్మనెంటు లిస్టు వస్తుందట. మూడేళ్ల నా రోజుకూలీ బతుకు తీరుతుందట. ఇంట్లో వేరే మాట లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నేనొక పని చేశాను. నువ్వు మెచ్చుకుంటావనే రాస్తున్నాను.

మన దగ్గర స్తంభమెక్కినా, మిద్దెక్కినా, తెగిన పతంగి కోసం గోడెక్కినా ముందు "పర్దా!" అని కేక వేయాలి కదా. హిందువుల ఇల్లయినా ముసల్మానుల ఇల్లయినా ఒకటే రివాజు. ఆ కేక వినగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలి లోపలికి ఉరకాలి. మేం తీగలు కలిపి దిగేదాకా ఉక్కలో కూర్చోవాలి. బాపు ముప్పయ్యేళ్లు వేశాడు ఆ కేక. మా లైన్ ఇన్‌స్పెక్టర్ బాబురావు సారు నాకు ప్లయర్ పట్టడం కన్నా ముందు అదే నేర్పాడు. "గొంతు తెరిచి ఒర్రాలె బిడ్డా. మూడుసార్లు ఒర్రు, పది లెక్కవెట్టు, గప్పుడు కాలు మోపు."

నేనిక ఒర్రదలచుకోలేదు. ఈ చలికాలమంతా పాత కాగితాల బండి మీద పావలాకొకటి దొరికే విప్లవ కరపత్రాలు చదివాను. వాటిలో ఎంత కోపముందో, నాలోనూ అంతే ఉంది. ఎండాకాలంలో మనిషి ఒంటిమీద బట్ట తగ్గడం ప్రకృతి. దాన్ని చూడటం కూడా ప్రకృతే. మగవాళ్లు నల్లా దగ్గర గోచీతో స్నానం చేస్తే ఎవరూ కేక వేయరు. ఆడమనిషి భుజం కనబడితే మాత్రం ఊరంతా దడుచుకోవాలా? దాక్కో అని అరిచేవాడే ఆమెను ఖైదీ చేస్తున్నాడు. ఆ జైలు గంట నేను కొట్టను.

మొన్న గురువారం హుస్సేనీ ఆలంలో, పాల వ్యాపారం చేసే రామ్‌చందర్ ఇంటి వెనక స్తంభం మీద తీగ కాలిపోయింది. నేనొక్కణ్ణే వెళ్లాను. నిచ్చెన వేశాను, నోరు తెరవకుండా ఎక్కాను. గోడ అవతల ఆ ఇంటి కోడలు బర్రెను కడుగుతోంది. రవిక లేదు. తడిసిన నేత చీర ఒంటిపొరగా చుట్టుకుని మోకాళ్ల పైకి దోపింది. భుజాల మీద నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. అబద్ధం ఎందుకు, అందంగా ఉంది. బర్రె వీపు మీద గడ్డి పీచుతో రుద్దుతూ రుద్దుతూ తలెత్తింది.

చూసింది. నేనూ చూశాను. ఆమె ఉరకలేదు అక్కా! కొంగు లాక్కోలేదు, చేతిలో పీచు వదల్లేదు. నా ముఖంలోకి సూటిగా, నేను ఇరవై లెక్కపెట్టేంతసేపు చూసింది. కరపత్రాల్లో రాసిన కొత్త మనిషి ఈ గల్లీలోనే ఉందనిపించింది. పని ముగించి, ఛాతీ విరుచుకుని దిగాను.

బాపుకు చెప్పకు.

జైలు గంట కొట్టని నీ తమ్ముడు,
ఎలీషా


భిలాయి,
4 మే 1974

ఒరేయ్ ఎలీషా,

ప్రభువు కృపచేత నేను క్షేమం. నువ్వు రాయకపోతే నీ వంతు కూడా నేనే రాస్తాను.

నీ ఉత్తరం వార్డులో డ్యూటీ మీద ఉండగా చదివాను. కోపంతో రెండు థర్మామీటర్లు విదిలించాను, ఒకటి పగిలింది. పెళ్లయిన పిల్లను ఇరవై లెక్కపెట్టేదాకా చూశావా? అంత లెక్క వచ్చినవాడివి కేక వేశాక పది లెక్కపెట్టలేకపోయావా? ఇది సిద్ధాంతమా, మనసు పారేసుకోవడమా? మనసే అయితే ఆ గల్లీకి పోవడం మానెయ్.

చూడటం పాపమని నేననను. ఇక్కడి సంగతి విను. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే రష్యా ఇంజనీర్ల భార్యలు ఎండాకాలంలో మోకాళ్ల దాకా గౌన్లు, చేతుల్లేనివి, వేసుకుని సాయంత్రాలు మార్కెట్టుకు వస్తారు. మా కాంపౌండరు రామలింగయ్యది కరీంనగర్. ఆయన రోజూ ఆ వేళకే పుచ్చకాయల బండి దగ్గర నిలబడి, కొనకుండానే, కాయలు తట్టి చూస్తున్నట్టు నటించేవాడు. ఒకనాడు అందులో ఒకావిడ తిన్నగా ఆయన దగ్గరికే వచ్చి, ఆయన తడుతున్న కాయే తీసుకుని, డబ్బులు ఆయన్నే ఇమ్మని బండివాడికి సైగ చేసి వెళ్లిపోయింది. బజారంతా నవ్వింది. ఇప్పుడాయన ఎదురుపడితే ముఖం చూసి "నమస్తే మేడం" అంటాడు, ఆమె కూడా అంటుంది. అందంగా ఉన్నదాన్ని అందంగా ఉందని చూశాడు, దొరికిపోయాడు, మర్యాద నేర్చుకున్నాడు. నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఎందుకంటే ఆవిడ రోడ్డు మీద ఉంది. చూసేవాడు ఆవిడకు కనబడతాడు. ఆవిడ తిట్టగలదు, దగ్గరికి రాగలదు, కాయ లాక్కోగలదు. నీ దగ్గరికి ఆ పిల్ల స్తంభమెక్కి వస్తుందా?

ఇంకోటి చెప్తాను. ఎప్పుడూ చెప్పలేదు. మన ఇంటి స్నానాల గదికి కప్పు లేదు, తడికలే. నాకు పదిహేనేళ్లప్పుడు తలంటుకుంటూ పైకి చూస్తే వెనక మిద్దె మీద ఒకడు గోడకు గడ్డం ఆనించి చూస్తున్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలియదు. కేక వేయలేదు. ఎవరో చెప్పను, వాడు చచ్చిపోయాడు కూడా. ఆ తర్వాత ఏడాది పొడుగునా నేను లంగా జాకెట్టుతోనే స్నానం చేశాను. అమ్మ బతికున్నప్పుడు తడిబట్టలు చూసి తిట్టేది, నీకు గుర్తుండాలి. ఇప్పుడు నా క్వార్టర్లో సిమెంటు కప్పు ఉంది, గడియ ఉంది. అయినా ఒకసారి పైకి చూసిగాని చెంబు ఎత్తను.

ఆ కేక ఆమెను దాక్కోమనడం కాదురా. "నేను వస్తున్నాను" అని నువ్వు ఒప్పుకోవడం. లోపలికి పోవాలా, ఉండిపోవాలా అన్నది ఆమె ఇష్టం. నువ్వు ఆమెకు ఆ ఇష్టం లేకుండా చేసి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టావు.

జవాబు రాయి. రాసేముందు రెండు చెంబుల నీళ్లు తల మీద పోసుకో.

అక్క,
రాహేలు


శాలిబండ,
7 మే 1974

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. రేపటి నుంచి రైళ్లు బంద్. సమ్మె చేసేవాళ్లకు నా చేయెత్తి సలాం, నా ఉత్తరం మాత్రం ఈలోపు బండెక్కాలి.

ఇక్కడ లొల్లి అయింది. ఆ రోజు పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న బుచ్చమ్మ అనే ముసలామె నన్ను చూసిందట. పదిరోజులు కడుపులో దాచుకుని చెప్పేసింది. నిన్న రామ్‌చందర్, ఆయన తల్లి పుష్పమ్మ, నలుగురు మనుషులు మా సెక్షన్ ఆఫీసుకు వచ్చారు.

"ఎవడు గాడు? మా ఆకిట్లకు తొంగి చూసినోడు?"

నేను ముందుకు రాబోయాను. ఎందుకు కేక వేయలేదో నాలుగు మాటల్లో చెప్పాలని నోరు తెరిచాను. బాబురావు సారు నన్ను మోచేత్తో వెనక్కి నెట్టాడు.

"అన్నా, జర ఇను. మా పోరగాడు మూడుసార్లు ఒర్రిండు. నేను కిందనే నిలవడ్డ. నా చెవులతోటి విన్న."

ఆయన ఆ వేళ శాలిబండ మూలన చాయ్ తాగుతున్నాడు. కానీ ఇన్‌స్పెక్టరు మాట. రామ్‌చందర్ చల్లబడ్డాడు. పుష్పమ్మ మాత్రం కొడుకు వైపు తిరిగి, "మూడుసార్లు ఒర్రితే మరి గామె ఎందుకు కదల్లే?" అంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. గండం గడిచింది.

కానీ నాకు నా మీదే అసహ్యంగా ఉంది. సిద్ధాంతం చెప్పాల్సిన చోట మూగవాణ్ణయ్యాను. సారు తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. "లిస్టు జూన్‌ల ఉన్నదిరా. 'మూడుసార్లు కేక వేసితిని' అని కాయితం టైపు చేయిస్త, పద్దెనిమిది తారీకు లోపల దస్కత్ పెట్టు. ఫైల్ల పడితే మల్ల ఎవ్వడు నిన్ను ముట్టడు." మంచివాడే అక్కా. నాకోసమే అబద్ధమాడాడు. బాపు వెళ్లి ఆయనకు దండం పెట్టి వచ్చాడు.

దస్కత్ పెట్టాలంటే నా చెయ్యి రావడం లేదు. నేను చేసిన తిరుగుబాటును నేనే కాదనాలి కదా. నువ్వేమంటావు?

మూగబోయిన నీ తమ్ముడు,
ఎలీషా


భిలాయి,
17 మే 1974

ఎలీషా,

నీ ఉత్తరం ఏ లారీలెక్కి, ఏ బస్సులు మారి వచ్చిందో, ఈ రోజు చేరింది. దాంతోపాటే బాపు శివయ్య మామతో రాయించిన కార్డూ చేరింది. "ఎలీషా కాగితం మీద దస్కత్ చేసినాడు, నౌకరి పక్కా అయినది, ఫికర్ చేయకు" అని.

ఫికర్ చేయను. నీ గురించి ఇక చేయను.

ఆ పుష్పమ్మ అడిగిన మాట నువ్వే రాశావు. రాసి కూడా నీకు అర్థం కాలేదు. నువ్వు మూడుసార్లు అరిచావంటే ఆ పిల్ల మూడుసార్లు విన్నట్టు. విని కూడా అలాగే, ఒంటి మీద తడిచీరతో, పరాయి మగాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డట్టు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమెను ఏమని పిలుస్తున్నారో నేను రాయను. మీ సారు నిన్ను కాపాడలేదు, నీ తప్పు తీసి ఆమె నెత్తిన పెట్టాడు. నువ్వు దానికింద సంతకం చేశావు.

నీకు నీ తిరుగుబాటు గురించే బాధ! ఉత్తరం మొత్తంలో ఆమె పేరేమిటో కూడా లేదు.

ఇక నాకు రాయకు.

రాహేలు


శాలిబండ,
26 మే 1974

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తాను. చదవకపోతే చించెయ్.

నీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లో తిట్టావు, ఇంకోదాంట్లో వెలేశావు. నేను దస్కత్ పెట్టానని బాపు చెప్తే నమ్మేశావు. నేను దస్కత్ పెట్టినట్టు బాపు రాయించింది, పెట్టి తీరతానన్న నమ్మకంతో. తమ్ముణ్ణి ఒక్క మాట అడగకుండా శిక్ష వేసే హక్కు నీకెవరిచ్చారు? కోపం నాకూ ఉంది.

నేను పెట్టలేదు. విను.

పదహారో తారీకు గురువారం హుస్సేనీ ఆలం మీదుగా వెళ్తుంటే రామ్‌చందర్ గుమ్మం ముందు సైకిల్ రిక్షా ఆగి ఉంది. రిక్షాలో రేకు పెట్టె, పెట్టె పక్కన ఆ పిల్ల. ఆమె పేరు సుశీల. పుట్టింటికి పంపిస్తున్నారు, షాద్‌నగర్ అవతల ఏదో ఊరు. తిరిగి తెచ్చుకునే ఉద్దేశం లేదని అక్కడ నిలబడ్డవాళ్ల మాటల్లోనే తెలిసింది. "మూడుసార్లు ఒర్రినా కదల్లేదంట" అని ఒకడు బీడీ పొగ వదులుతూ అన్నాడు. పుష్పమ్మ మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. నీ ఉత్తరం రాకముందే తెలిసింది, అది మాత్రం నువ్వు ఒప్పుకోవాలి.

రిక్షా హ్యాండిల్ పట్టుకున్నాను. "అన్నా, ఆపు. గా దినం నేను ఒర్రలే."

రామ్‌చందర్ నన్ను గుర్తుపట్టాడు. "ఏందిర కొత్త నాటకం? మీ ఇన్‌స్పెక్టరే జెప్పె గదా?"

"సారు అక్కడ లేడు. అబద్ధం జెప్పిండు. నేను కావాల్ననే ఒర్రలే."

పుష్పమ్మ గుమ్మంలోనుంచి చేతులు చరిచింది. "సూడుండ్రి! దాని కోసం నౌకరి పోయినా సరే అని అబద్ధం ఆడవచ్చిండు! ఇంకేం గావాలె మీకు సాచ్ఛం?"

నిజం చెప్తే ఆమె మెడకు ఇంకో ముడి పడింది. చుట్టూ మనుషులు పోగయ్యారు. ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. వాణ్ణి విదిలించుకుని ఇంటి వెనక్కి పోయాను, అందరూ నా వెంటపడ్డారు. స్తంభం మొదట్లో నిలబడి గొంతు చిరిగేలా అరిచాను.

"పర్దా! పర్దా! పర్దా! కరెంటోళ్లం ఎక్కుతున్నం!"

గల్లీ ఎలా కదిలిందనుకున్నావు! ఆ చివర్న కిటికీ రెక్కలు టపటపా పడ్డాయి. గిన్నె జారిపడ్డ చప్పుడు, "లోపలికి నడువు" అని ఎవరో పిల్లను గదమడం, గాజుల చప్పుడు. పక్క మిద్దె మీద మిరపకాయలు తిప్పుతున్న బుచ్చమ్మ కొంగు నెత్తిన వేసుకుని మెట్లమీద గుడుగుడుమని దిగిపోయింది.

నేను ఎక్కలేదు. ఆమె తలుపు దగ్గరికి పోయి అడిగాను. "అవ్వా, గా దినం గీ కేక ఇన్నవా?"

"గీ కేక ఇంటే మిద్దె మీద ఎందుకుంట? ముసల్దాన్నైతే నాకు పర్దా లేదా?" అని లోపల్నుంచే కసిరింది.

"మరి నన్ను స్తంభం మీద చూసినవు గదా?"

"నిలవడి చూసిన! రెండు కండ్ల తోటి చూసిన!"

అని ఆగిపోయింది. తలుపు కొంచెం తెరిచింది. తను ఏమన్నదో తనకే తెలిసింది. కేక పడి ఉంటే బుచ్చమ్మ మిద్దె మీద ఉండేది కాదు, నన్ను చూసేదే కాదు. రామ్‌చందర్ ముఖం మారిపోయింది. పుష్పమ్మ, "ముసల్దానికి చెవుడు" అంది గాని, ఇప్పుడే ఆమె మెట్లు దిగి ఉరకడం అందరూ చూశారు.

రామ్‌చందర్ నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బ. నేను చెయ్యి ఎత్తలేదు. ఆ దెబ్బ నాదే. కానీ అంతకు ముందు పదిరోజులు ఆ ఇంట్లో పడినవి ఎవరివి?

అప్పుడు సుశీల రిక్షా దిగి వెనక్కే వచ్చింది. నా ముందుకు వచ్చి నిలబడింది. నేను తల దించుకోలేదు. ఈమెకు నేను అర్థమయ్యాను, ఆ రోజు చూసిన చూపే మళ్లీ చూస్తుంది అనుకున్నాను. అదే చూపు చూసింది.

"గా దినం నీ మొకం గురుతు వెట్టుకుందామని చూసిన," అంది. "రేపు అడిగితే వీడే అని జెప్పనీకె. బర్రె తాడు నా చేతుల ఉండె, వదిలితే అది గల్లీలకు ఉరుకుతది, లేకుంటె గా పీచు నీ మొకాన ఇసిరేదాన్ని. కేకెయ్యలేదని లొల్లి అయిన కాడి సంది జెప్తున్న. గీ ఇంట్ల ఒక్కరు ఇన్లే. నువ్వు ఒర్రినంక ఇన్నరు." తర్వాత మొగుడు రామ్‌చందర్‌తో, "పెట్టె దించు. నేను ఏ తప్పు జేసి పోవాలె?" అంది.

కొత్త మనిషి, కొత్త చూపు అని నీకు రాశాను చూడు. ఆ కాగితం దొరికితే పొయ్యిలో పెట్టు. ఆమె నన్ను మెచ్చుకుని చూడలేదు, దొంగను చూసినట్టు చూసింది. ఆ ఇరవై లెక్కలూ నేను ఏమనుకుంటూ చూశానో తలుచుకుంటే, చెంప దెబ్బ కన్నా అదే ఎక్కువ మండుతోంది. పెట్టెను రామ్‌చందరే దించాడు. ఆమె లోపలికి పోయింది. నాకు థాంక్స్ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి?

నీ మొదటి ఉత్తరం నిన్న చదివాక, కరపత్రాలన్నీ నేల మీద పరుచుకుని తిరగేశాను. కప్పు లేని స్నానాల గది ఏ దాంట్లోనూ లేదు. అది రాసినవాళ్లు మన ఇంట్లో పుట్టలేదు. అయినా వాటిని పారేయను. ఆడమనిషి ఖైదీ కాకూడదని ఇప్పటికీ అంటాను. ఎండకు భుజాలు కనబడేలా ఉన్న మనిషిని చూస్తే బాగుందనిపించడం తప్పు కాదని కూడా అంటాను. కానీ నేను ఉన్నానని ఆమెకు తెలియాలి, తెలిశాక ఏం చేయాలో ఆమె చెప్పాలి. దొంగచాటుగా చూసి దానికి విప్లవమని పేరు పెట్టిన సన్నాసిని నేనే. ఇది నువ్వు చెప్తే ఒప్పుకున్నది కాదు, తన్నులు తిని ఒప్పుకున్నది.

పద్దెనిమిదిన ఆఫీసుకు వెళ్లాను. టైపు చేసిన కాగితం బల్ల మీద ఉంది. నేను దాన్ని పక్కకు నెట్టి, తెల్లకాగితం మీద నా చేత్తో రాశాను: "నేను కేక వేయలేదు. ఆ ఇంటి కోడలి తప్పు ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు ఆ సమయంలో అక్కడ లేరు." బాబురావు సారు చదివి చించేశాడు. ఇంకోటి రాశాను. అదీ చించాడు. మూడోది రాస్తుంటే కుర్చీలో కూలబడ్డాడు.

"నీ కోసం నోరు జారితే నా కొంప ముంచుతున్నవ్ గదరా!"

"నాకోసం అన్నరు సార్, ఆమెకు తాకింది."

మూడో కాగితం నేనే ఇన్‌వర్డ్ గుమాస్తాకు ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. సోమవారం నుంచి హాజరు మస్టర్లో నా పేరు లేదు. బేగంబజార్లో ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే దుకాణంలో కూర్చుంటున్నాను. బాపు ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజున అన్నం ముందు కూర్చుని, "ముప్పయ్యేండ్లు ఒర్రిన. ఎందుకు ఒర్రుతున్ననో ఒక్కనాడు నీకు చెప్పలే. నాది గూడ తప్పే," అన్నాడు. అంతే. నీకు కార్డు రాయించినందుకు మాత్రం పశ్చాత్తాపపడటం లేదు. నువ్వే అడుగు.

ఈ రోజు పొద్దున బాబురావు సారు దుకాణానికే వచ్చాడు. కోపంగా లేడు. స్టూలు మీద కూర్చుని చాయ్ చెప్పించాడు. రామ్‌చందర్ సంగతి సద్దుమణిగిందట, పై ఆఫీసరు మెత్తబడ్డాడట, లిస్టు ఇంకా పైకి పోలేదట. ఫైల్లో నా కాగితం బదులు పెట్టడానికి ఇంకో కాగితం జేబులో తెచ్చాడు. అందులో కేక వేశానని లేదు. వేయలేదనీ లేదు. "ఆ దినమున కేక వేసినదీ లేనిదీ నాకు గుర్తు లేదు" అని ఒక్క వాక్యం.

"ఎవ్వరి మీద తప్పు రాదు బిడ్డా. ఆమె మీద రాదు, నీ మీద రాదు, నా మీద రాదు. ఒక్క దస్కత్. జూన్‌ల పర్మనెంటు."

ఆ కాగితం ఫైల్లో పడితే, రేపు మళ్లీ ఎవడో ఆ ఇంట్లో నోరు లేపినప్పుడు, సుశీల మాట ఒక్కటే ఒకవైపు మిగులుతుంది. మనసు గుంజలేదని అనను. బాపు ముఖం కళ్లముందుకు వచ్చింది. విప్పిన ఫ్యాన్ మోటారు చేతిలో ఉంది, కింద పెట్టాను.

"గుర్తుంది సార్," అన్నాను.

నీ తమ్ముడు,
ఎలీషా